ఖాలా పిలిస్తేనే పడవ

పోయిన శుక్రవారం మా ఖాలా చనిపోయింది. నారాయణఖేడ్ దవాఖాన ముందు జీపు ఆగేసరికే ఆమె చెయ్యి నా చేతిలో చల్లబడింది. డాక్టరు చిన్న వయసువాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు. నాడి చూశాడు, కనురెప్పలు ఎత్తి చూశాడు, తర్వాత నా వైపు తిరిగి, "పొద్దున నొప్పి మొదలైందంటున్నరు, ఇప్పుడా తెచ్చేది? ఇంతసేపు ఏం చేసిండ్రమ్మా?" అన్నాడు.

నా నోటి సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. నేను నడిపే అంగన్‌వాడీకి పిండి తక్కువ తెచ్చినందుకు లారీవాడిని నడిరోడ్డు మీద నిలబెట్టి దులిపేసిన దాన్ని. ఆ రోజు మాత్రం ఒక్క మాట రాలేదు. డాక్టరు మీద నాకు కోపం లేదు, తెలియక అడిగాడు. కానీ ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే, పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నా అదే. అందుకే జవాబు రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు నెమ్మదిగా, తీయగా రాయాలంటారు. నాకు అంత నెమ్మది లేదు. ఉన్న నెమ్మదంతా ఖాలాది, అది ఆమెతోనే పోయింది.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, కానీ ఆమె నాకు చుట్టం కాదు. వాళ్లు ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, మేము తెలుగు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాది ఆ గోడలో ఒక రాయి ఊడిపడింది. మా మామ మళ్లీ పెట్టించలేదు, ఖాలా భర్త, మేము ఖాలూ అని పిలిచే ఆయన, ఆయనా పెట్టించలేదు. ఆ కంతలోంచే నిప్పులు, చింతపండు, చాయ్ గ్లాసు, తిట్లు అన్నీ అటూ ఇటూ వచ్చేవి. ఒకసారి మా అత్తతో గొడవపడి అన్నం మానేసి మూల కూర్చున్నాను. కంతలోంచి గొంతు వచ్చింది.

"ఏం బిడ్డా, కోపం అత్త మీదనా, అన్నం మీదనా?"

"అత్త మీదనే ఖాలా."

"మరి అన్నమేం జేసింది? తిను. తిని మళ్ల కోపం జెయ్యి, బలం ఉంటది."

అలా ఉండేది. మనిషి సన్నగా, పిడికెడంత. గొంతు మాత్రం పొలం ఈ గట్టు మీద అంటే ఆ గట్టు మీద వినబడేది. కోళ్లతోనూ దేవుడితోనూ ఉర్దూలో మాట్లాడేది. మాతో తెలుగు. కర్ణాటక వైపు నుంచి గాజులమ్మ వస్తే బేరం మాత్రం కన్నడంలో ఆడేది. సాసరులో చాయ్ పోసుకుని, ఊదకుండా, అలాగే చల్లారేదాకా దాన్ని చూస్తూ కూర్చునేది. ఎందుకు ఊదవని అడిగితే, "దానంతట అదే సల్లారుతది, తొందరేంది" అనేది. ఆ మాట నాకు ఇప్పుడు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. కొన్ని చోట్ల ఊదాలి ఖాలా. అరవాలి కూడా.

రేడియోతో ఆమెకున్న తగవు ఇప్పటిది కాదు. ఆ రోజుల్లో రేడియో వినడానికి కూడా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. ఖాలూ నారాయణఖేడ్‌లో పెళ్లిళ్లకు మైకులు పెట్టే కొట్టులో రిపేర్లు చేసేవాడు, పాత సామాన్లతో ఒక రేడియో తయారుచేసి ఇంటికి తెచ్చాడు. దానికి లైసెన్సు ఎక్కడిది? తనిఖీవాళ్లు వస్తున్నారని తెలిస్తే ఖాలా దాన్ని జొన్నల గుమ్మిలో పూడ్చేది. ఒకసారి తొందరలో బంద్ చేయడం మరిచిపోయి పూడ్చింది. తనిఖీ సాబు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతుంటే గుమ్మిలోంచి ఎవరో ఆముదం పంటకు పురుగు మందు ఎలా కొట్టాలో చెప్పడం మొదలుపెట్టారు. పక్కనే ఉన్న పోస్ట్‌మ్యాన్‌కు దగ్గు తెర వచ్చింది. పాపం, మంచివాడు, సాబు చాయ్ అయిపోయేదాకా దగ్గుతూనే ఉన్నాడు. సాబు గుమ్మి వైపు చూసి, పోస్ట్‌మ్యాన్ వైపు చూసి, "జొన్నలు బాగ పండినట్టున్నయి" అని లేచిపోయాడట. అలాంటి సాబులు కూడా ఉండేవాళ్లు. తర్వాత ఆ లైసెన్సు ఎత్తేశారు. ఖాలా మాత్రం అప్పటి నుంచీ ఒకే మాట అనేది: "ఇనేతందుకు లైసెన్సు, మాట్లాడేతందుకు లైసెన్సు. దగ్గేతందుకు గూడ పెడుతరు సూడు."

ఇక మా ఊరి సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మంజీర మీద ఆనకట్ట కట్టినప్పుడు మనూర్ దిక్కు పొలాలు చాలా మునిగాయి. మా ఊళ్లో పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లకు వేరే చోట జాగాలిచ్చి పంపారు. మేముండేది ఎత్తున, అందరూ గడ్డ అనే చోట. సర్వేవాళ్లు వచ్చి, కర్రలు పాతి, గొట్టాల్లోంచి చూసి, గడ్డ మునగదు, మీరు కదలనక్కర్లేదు అన్నారు. నిజమే, గడ్డ మునగలేదు. నీళ్లు చుట్టూ వచ్చి నిలబడ్డాయి, అంతే. వానలు పడి నీళ్లు నిండితే మళ్లీ ఎండలు ముదిరేదాకా నాలుగు దిక్కులా నీళ్లే. దీనికి రోడ్డు అడిగితే పటంలో దీవి లేదన్నారు. సర్కారు పడవ అడిగితే దీవి కానిదానికి పడవెందుకన్నారు. ఫోను అడిగితే తీగ నీళ్ల మీదుగా రాదన్నారు. తీగ రానన్ని నీళ్లు ఉన్నాయి, దీవి మాత్రం లేదు! ఈ లెక్క రాసినవాళ్ల నోట్లో మన్ను పడ.

ఉన్నది నర్సిములు పడవ ఒక్కటే. చేపలు పట్టుకుని బతికేవాడు, అవతలి ఒడ్డున గుడిసె. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గడ్డకు వచ్చిపోయేవాడు. నడుమ వేళల్లో వాగు మలుపు తిరిగి వలలు వేసుకునేవాడు, అక్కడికి మా కేక వినబడదు, మేము కనబడము. ఒక వానాకాలం కంగ్టి నుంచి వచ్చిన కోడలు పిల్లకు పగటిపూట నొప్పులు మొదలయ్యాయి. గడకు చీర కట్టి ఊపాం, పళ్లేలు కొట్టాం. నర్సిములు సాయంత్రం తన వేళకే వచ్చాడు. పిల్ల బతికింది, కడుపులోది బతకలేదు. ఆ పిల్ల ఏడుపు మా గోడ కంతలోంచి ఖాలూ విన్నాడు. ఆ మర్నాటి నుంచి పెళ్లిళ్లలో వాడే తీగలేని మైకు ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు.

అలా వచ్చింది డబ్బా. పోపుల పెట్టెంత ఉండేది. దానికి ట్రాక్టర్ బ్యాటరీ కలిపి, రాగి తీగ పైకి కడితే, ఇందులో మాట్లాడింది చిన్న రేడియోలో ఎఫ్ఎం ముల్లు తిప్పితే వినబడుతుంది. నర్సిములు బీదర్ బజారుకు పోయి అలాంటి రేడియో ఒకటి కొనుక్కొచ్చి పడవకు కట్టుకున్నాడు. ఆ ముల్లు మీద మా దిక్కున ఇంకెవరూ లేరు, ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పితే బుస్సుమనే చప్పుడే. ఎవరి మాటకూ మేము అడ్డం పోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మొదట్లో మలుపు దాకా మాట పోయేది కాదు. తీగ ఇంటి మీది గడకు కడితే సగం దూరం, పశువుల కొట్టం మీద కడితే ఇంకాస్త. చివరికి కల్లుగీసే సాయన్న తాటిచెట్టు కొసన కట్టాడు. అప్పటి నుంచి రోజూ పొద్దున అదో పని. సాయన్న చెట్టు ఎక్కి ముంత దించుకుంటూ తీగను సర్దేవాడు, కింద నుంచి ఖాలా అరిచేది.

"మనూర్ దిక్కు తిప్పు సాయన్నా! నువ్వు బోరంచ దిక్కు తిప్పినవు, అక్కడ గుళ్లె పోచమ్మకు రేడియో ఉందా?"

"పోచమ్మకు రేడియో ఎందుకు ఖాలా, నీ గొంతు ఉత్తగనే ఇనవడుతది!"

ఖాలూ ఆ డబ్బా పెట్టిన మరుసటి ఎండాకాలం పోయాడు. నలభై రోజులు ఖాలా డబ్బా ముట్టలేదు. తర్వాత ఒక పొద్దున కంతలోంచి వినబడింది, గొంతు సవరించుకోవడం. "గడ్డోళ్లారా, ఖాలాను మాట్లాడుతున్న, ఖాలాను మాట్లాడుతున్న." ఇక ఆగలేదు. వాన పడితే సగం మాటలు గాలికి పోయేవి, అందుకని ప్రతి మాటా రెండుసార్లు చెప్పేది. ఆ అలవాటు డబ్బా ముందు నుంచి ఇంట్లోకీ వచ్చింది. తిన్నవా, తిన్నవా. పిల్లకు జరం తగ్గిందా, తగ్గిందా. మా ఆయన హైదరాబాదులో పనికి పోతూ, "ఖాలా, ఒక్కసారి చెప్తే చాలు, పోతున్న" అంటే, "పైలం కొడుకా, పైలం" అని పంపేది.

ఆమె చెప్పేవి ఏమంత పెద్ద సంగతులు కావు. చిన్న పిల్లలకు సూదులు వేయడానికి నర్సమ్మ వస్తుందని. కందిపప్పు ధర ఖేడ్‌లో ఎంత ఉందో. ఎవరి మేక ఎవరి చేన్లో పడ్డదో, పేరు చెప్పకుండా, అందరికీ తెలిసేటట్టు. పాటలు వేయమని పిల్లలు అడిగితే, "పాటలకు శానమంది ఉన్నరు, పడవకు నేనొక్కదాన్నే" అనేది. నడుమ ఎవరికైనా అవసరం పడితే డబ్బా ముందు కూర్చుని, "నర్సిములూ, గడ్డకు రా, గడ్డకు రా" అని పిలిచేది. పడవ మలుపు తిరిగి కనబడేది, నర్సిములు తెడ్డు పైకెత్తి చూపించేవాడు. పాము కుట్టిన మనిషి దవాఖానకు వేళకు చేరాడు. కాన్పులు చేరాయి. నా చిన్న కొడుకు అలాగే చేరాడు, వాడు ఈ రోజు బడికి పోతున్నాడంటే ఆ పిలుపు వల్లే. బడికి పోయేటప్పుడు వాడు కంతలోకి తొంగిచూసి సలాం చెప్పి పోయేవాడు. ఇంకా తొంగిచూస్తున్నాడు.

ఇంతలో రేడియో మాటలు పోయే గాలి సర్కారు ఒక్కదాని సొత్తు కాదని పెద్ద కోర్టు చెప్పిందని పేపర్లో వచ్చింది. నేను చదివి వినిపించాను. ఖాలా సాసరు కింద పెట్టింది.

"అయితే మనం చాటుగ ఎందుకు మాట్లాడాలె బిడ్డా? మనం దొంగలమా? లైసెన్సు అడుగుదాం."

అడిగింది. ఉన్నదున్నట్టు అర్జీ పెట్టి అడిగింది. డబ్బా ఎక్కడుందో, తీగ ఏ చెట్టుకు ఉందో, ఏ వేళ మాట్లాడుతుందో, ఎందుకు మాట్లాడుతుందో, అన్నీ. సాబులు ఒకసారి వచ్చి విని, బాగుంటేనే ఇయ్యండని కూడా రాయించింది. దొంగ అయితే దాచుకుంటాడు. మా ఖాలా ఇంటికి దారి చెప్పి మరీ పిలిచింది. అలాంటి పని గడ్డవాళ్లు తప్ప ఇంకెవరైనా చేస్తారా!

సాబులు వస్తున్నారని కబురొచ్చింది. లైసెన్సు ఇవ్వడానికే అనుకున్నాం. ఇల్లు అలికాం. సాయన్న బంతిపూలు తెచ్చాడు. అవతలి ఒడ్డున జీపు ఆగడం చూసి ఖాలా డబ్బా ముందు కూర్చుంది. "నర్సిములూ, సాబులొచ్చిండ్రు, సాబులొచ్చిండ్రు. ఎండల నిలవెట్టకు. పడవల నీళ్లు తోడెయ్యి, వాళ్ల బూట్లు తడుస్తయి." తనను పట్టుకోవడానికి వచ్చినవాళ్లకు తనే పడవ పంపింది. బూట్లు తడవకుండా!

వచ్చింది ఇద్దరు. పెద్ద సాబు, చిన్న సాబు. పూలదండ చేతిలోకి తీసుకుని కుర్చీ మీద పడేశారు. చాయ్ తాగలేదు. "లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరమని తెలుసా అమ్మా?" అన్నాడు చిన్న సాబు. "విమానాలకు అడ్డం వస్తుంది, తెలుసా?"

"సాబ్, దీని మాట మలుపు దాటితే మనూర్ గూడ పోదు. మొబ్బుల దాక ఎట్ల పోతది?" అంది ఖాలా.

"రూలు రూలే."

డబ్బాకు గుడ్డ చుట్టి, లక్క కరిగించి సీలు వేశారు. ఖాలా పక్కనే నిలబడి చూసింది, లక్క చేతి మీద పడుతుందేమో, జాగ్రత్త అని కూడా అంది. ఆమెను అక్కడికక్కడే కుదిపి, "తిట్టు ఖాలా, తిట్టు" అందామనిపించింది నాకు. నేను తిట్టాను, నా వంతు తక్కువేం చేయలేదు, నా మీద కూడా కేసు రాస్తామన్నారు.

సామాను సర్దుకుని చిన్న సాబు అన్నాడు, "పడవను పిలువమ్మా, పోవాలి."

ఖాలా వాళ్ల వైపు వింతగా చూసింది. "ఎట్ల పిలువాలె సాబ్? డబ్బాకు సీలేస్తిరి గద."

నర్సిములు వాళ్లను దింపి మలుపు తిరిగిపోయాడు. సాబులు ఒడ్డుకు పోయి కేకలేశారు. రుమాలు ఊపారు. ఎండ నెత్తికెక్కింది. చిన్న సాబు మళ్లీ వచ్చి, ఈ ఊళ్లో ఇంకో పడవ లేదా అన్నాడు. సర్కారును అడిగితే దీవి కాదన్నది సాబ్ అని మా సాయన్న చెప్పాడు. నాకు ఆ క్షణం ఎంత హాయిగా ఉందో దాచను. ఉండనీ, సాయంత్రం దాకా కూర్చోనీ, ఒక్క పూటైనా గడ్డ బతుకు చూడనీ అనుకున్నాను.

కానీ పెద్ద సాబుకు షుగరట. పొద్దున మందు వేసుకున్నాడు గానీ తిండి డబ్బా జీపులోనే ఉండిపోయింది. మధ్యాహ్నానికి ఆయన చేతులు వణకడం మొదలైంది, చెమటలు, మాట తడబడింది. ఖాలా పరుగున పోయి బెల్లం నీళ్లు తెచ్చి తాగించింది, తల తన భుజం మీద పెట్టుకుని కూర్చుంది. "సీలు తీయుండ్రి. నర్సిములును పిలుస్త, సాబు మంచిగ లేడు" అంది. చిన్న సాబు తన చేత్తోనే లక్క పగలగొట్టాడు. నేను చూశాను, సాయన్న చూశాడు. ఖాలా గొంతు సవరించుకుంది. "నర్సిములూ, గడ్డకు రా, గడ్డకు రా. సాబుకు పానం బాగలేదు, బాగలేదు." తెడ్డు పైకి లేచింది. పడవ వచ్చింది.

ఒడ్డు మీద చిన్న సాబు డబ్బాకు మళ్లీ సీలు వేశాడు. దాన్ని తన ఒళ్లో పెట్టుకుని, ఆమె పిలిచిన పడవలోనే ఎక్కి పోయాడు. పెద్ద సాబు పోతూ పోతూ ఖాలా చేతులు పట్టుకున్నాడు. "నీ లైసెన్సు నాది పూచీ అమ్మా. డబ్బా తిరిగొస్తది" అన్నాడు. ఖాలా నమ్మింది. తెడ్డు వేస్తున్న నర్సిములు కూడా విన్నాడు, వాడూ నమ్మాడు.

తర్వాత వచ్చిన కాగితంలో ఏం రాశారో చెప్తే మీరు నమ్మరు. తనిఖీ అధికారుల ఎదుటనే సదరు స్త్రీ అనుమతి లేని ప్రసారం మళ్లీ చేసింది, చట్టమంటే ఆమెకు భయం లేదు అని! షుగరు సంగతి లేదు. బెల్లం నీళ్లు లేవు. లక్క పగలగొట్టిన చెయ్యి ఎవరిదో లేదు. ప్రాణం కాపాడిన మాటనే నేరం కింద రాసుకుపోయారు. కింద సంతకాలు రెండు. రెండోది పెద్ద సాబుదే. నేను తిట్టుకుంటూనే చదివాను. ఖాలా మాత్రం ఒక్క చోట ఆపమంది.

"మళ్ల సదువు. నాలుగు దిక్కుల నీళ్లున్న దీవి అని రాసిండ్రా?"

"రాసిండ్రు ఖాలా."

"అరె వా! అయితే పడవ అడుగుదాం పా."

నిజంగానే పోయింది, నన్ను వెంటేసుకుని. ఆ కాగితం వేరే శాఖది, ఇక్కడ చెల్లదన్నారు. సంగారెడ్డికి పోయాం, హైదరాబాదుకు పోయాం. పల్లీలు ఉడకబెట్టి మూట కట్టుకునేది, బస్సులో తినేది కాదు, ఆఫీసుల్లో బెంచీల మీద కూర్చున్నవాళ్లకు పంచేది, గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపే బంట్రోతుకు కూడా. ఒక సాబు ఒక్క మనిషికి ఇవ్వరు, సంస్థ ఉండాలన్నాడు. ఇంకో సాబు ఇంకా రూలు రాలేదు, వచ్చాక రమ్మన్నాడు. పెద్ద సాబు కోసం అడిగితే బదిలీ అయిపోయాడన్నారు. ఖాలా ప్రతిచోటా ఒకే మాట అంది: "పాటలు ఇయ్యకుండ్రి, ముచ్చట్లు ఇయ్యకుండ్రి. పడవను పిలిచే మాట ఒక్కటి ఇయ్యుండ్రి సాబ్. వానలున్నన్ని దినాలు ఇయ్యుండ్రి." ఒక్క మాటకైనా అదే రూలమ్మా అని ఒకాయన తల ఎత్తకుండా చెప్పాడు. బయటికొచ్చి నేను నోరు పారేసుకుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పోనీ బిడ్డా. ఆయినె గడ్డ సూడలే. సూస్తె ఇస్తుండె." చూసినవాళ్లే తీసుకుపోయారు ఖాలా, అన్నాను. ఆమె మూటలో మిగిలిన పల్లీలు నా కొంగులో పోసింది.

డబ్బా పోయాక కూడా పొద్దున ఆ వేళకు ఆమె ఊరుకునేది కాదు. నీళ్ల అంచుకు పోయి నిలబడి, గొంతు సవరించుకుని, వినబడినంత మేరకు అన్నీ రెండుసార్లు చెప్పి వచ్చేది.

శుక్రవారం పొద్దున నర్సిములు తన వేళకు వచ్చి పోయాడు. పడవ మలుపు తిరిగిన కాసేపటికే గిన్నెలు తోముతున్న ఖాలా ఎడమ చెయ్యి పట్టుకుని కూలబడింది. కంతలోంచి నాకు గిన్నె దొర్లిన చప్పుడు వినబడింది. పోయి చూస్తే చెమటలు. సాయన్న నా ఎర్ర చీర తీసుకుని తాటిచెట్టు ఎక్కాడు. ఆ కొసన రాగి తీగ ఇంకా వేలాడుతూనే ఉంది. చీర ఊపాడు, చేతులు పడిపోయేదాకా ఊపాడు. మేము పళ్లేలు కొట్టాం. ఇద్దరు పిల్లలు ఈదబోతే వాళ్లను పట్టి ఆపాల్సి వచ్చింది. ఖాలా తల నా ఒళ్లో ఉంది.

"నర్సిములొచ్చిండా?" అంది. "నర్సిములొచ్చిండా?"

వస్తుండు ఖాలా అన్నాను. రావడం లేదు. పొద్దు నడినెత్తి దాటి వాలింది. ఆమె ఇంక ఏదీ రెండుసార్లు చెప్పలేదు. సాయంత్రం వేళకు పడవ వచ్చింది.

నర్సిములును నేను కొట్టబోయాను. నిజం చెప్తున్నాను, చెయ్యెత్తాను. వాడు పడవలో రేడియో చూపించాడు. అది మోగుతూనే ఉంది, బుస్సుమని. ముల్లు కదలకుండా దారం కట్టి ఉంది.

"పొద్దంత చెవు కాడనే పెట్టుకున్ననక్కా. సెల్లులు కొత్తవే ఏసిన. సాబు ఇస్తనన్నడు గద, ఏ దినం డబ్బా వస్తదో, ఏ దినం పిలుస్తదో అని రోజు పెడుతున్న. పిలుపు రాలే. రాకపోతే అంత మంచిగనే ఉన్నరనుకున్న."

ఎత్తిన చెయ్యి దించుకున్నాను. సాబు మాట నమ్మడం ఒక్కటే వాడు చేసిన తప్పు. పిలుపు రాకపోతే గడ్డ మీద అందరూ బాగున్నట్టు, అది ఖాలా నేర్పిన లెక్కే. ఆ లెక్క ఎన్నో ఏళ్లు తప్పలేదు.

డాక్టరు బాబూ, ఇంతసేపు మేం చేసింది అదీ.

ఖాలాను గడ్డ మీదే, ఖాలూ పక్కనే మట్టి చేశాం. నర్సిములే పడవలో తీసుకొచ్చాడు, దారి పొడుగునా రేడియో బంద్ చేయలేదు. ఎవరూ చేయమనలేదు.

మూడోనాటి జియారత్ అయిన మర్నాడు అంగన్‌వాడీ పిండి కోసం ఖేడ్‌కు బయల్దేరాను. పొద్దుటి పడవలోనే అవతలి ఒడ్డుకు దిగాను. అక్కడ ఒక మనిషి నిలబడి ఉన్నాడు, చంకలో సంచి, చేతిలో కాగితం. డబ్బా తీసుకుపోయిన ఆఫీసు నుంచి వచ్చాడు. ఖాలా పేరు చదివి, విచారణకు రమ్మని నోటీసు, స్వయంగా చేతికి ఇచ్చి సంతకం తీసుకోవాలి, గడ్డకు తీసుకుపో అన్నాడు.

నర్సిములు వల సర్దుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"పొద్దుటిది అయిపోయింది సార్. నడుమల పిలుపొస్తేనే పోత."

"ఎవరు పిలవాలె?"

"ఖాలా."

"ఆమెకే కదయ్యా నోటీసు!"

"అయితే ఆమెనే పిలుస్తది. కూసోండ్రి."

ఆ మనిషి నా వైపు తిరిగాడు. ఎండ అప్పుడే మొదలవుతోంది. "ఏందమ్మా ఇది? పిలుపొచ్చేదాక ఇక్కడ నేనేం చెయ్యాలె?"

"మేం చేసిందే చెయ్యండ్రి" అన్నాను.

రోడ్డు ఎక్కి వెనక్కి చూశాను. అతను ఒడ్డున రాయి మీద కూర్చుని ఉన్నాడు, కాగితం నెత్తికి అడ్డం పెట్టుకుని. నర్సిములు రేడియో చప్పుడు పెంచి, అతని పక్కన రాయి మీద పెట్టి, వల తీసుకుని మలుపు వైపు పోతున్నాడు.